ఒకే నీటికి రెండు మట్టాలు

"—అంటే నా కళ్లు పోయాయంటావు. పోనీ, నువ్వు మొహమైనా కడుక్కున్నావా? ఒకే నీళ్లకి ఇరవై ఆరు తేడా ఎలా వస్తుందిరా?"

"నేను కడుక్కోకపోతే పెద్దనీళ్లే వచ్చి కడిగేట్టున్నాయి. నాలుగు వందల పదిహేడక్కా. మెట్టు మీద నిలబడి చెప్తున్నా, పాదం తడుస్తోంది."

"నాది మూడు వందల తొంభై ఒకటి. ఇక్కడ మెట్ల కింద బురద బయటపడింది."

"సరే, కలుపుదాం. టీ చల్లారిపోతోంది."

కొలతమ్మ ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పలక మీద లెక్క వేసింది. రెండూ కూడి సగం చేస్తే నాలుగు వందల నాలుగు. ఆ అంకె తమ్ముడికి చెప్పింది. తను పుస్తకంలో ఎక్కించింది. అరవై కిలోమీటర్ల అవతల, దక్షిణపు ఒడ్డున, తమ్ముడూ తన పుస్తకంలో అదే ఎక్కించాడు. తర్వాత తడిగుడ్డతో పలక తుడిచి మేకుకి తగిలించింది.

గాలి వీచిన రోజల్లా అక్కాతమ్ముళ్లకి ఈ పోట్లాట తప్పేది కాదు. గాలి లేని రోజున ఇద్దరి కొలతలూ కవల పిల్లల్లా ఉండేవి, ఫోను రెండు మాటల్లో అయిపోయేది. గాలి రోజున మాత్రం ఆమె వాడిని నిద్రమొహమనేది, వాడు ఆమెని చత్వారమనేవాడు. చివరికి ఇద్దరూ కలిపేవారు. అలా ఇరవై నాలుగేళ్లు గడిచాయి.

ఆఫీసు కాగితాల మీద ఆమె నీటిమట్టం పరిశీలకురాలు. ఊళ్లో మాత్రం కొలతమ్మ. కిరాణా కొట్టు నుంచి రేవు దాకా అదే పేరు. పడవ ఇంజన్లు బాగుచేసే మొగుడు కూడా పెళ్లయిన ఏడాదికే అసలు పేరు మరిచిపోయానని నలుగురిలో చెప్పుకునేవాడు. రోజూ ఉదయం ఆరింటికి ఆమె మెట్లు దిగి కొలగది తలుపు తీస్తుంది. అది నీళ్ల అంచున కట్టిన చిన్న సిమెంటు గది. నేలలో బావిలాంటి గుంట, దానికి అడుగున గొట్టంతో పెద్దనీళ్లతో సంబంధం. అలల గోల లోపలికి రాదు, మట్టం ఒక్కటే వస్తుంది. గుంట గోడకి ఎనామిలు పలక, దాని మీద సెంటీమీటర్ల గీతలు.

చూసే పద్ధతి ఆమెకి నేర్పింది నాన్న. "పైనుంచి చూస్తే నీళ్లు అబద్ధం చెప్తాయమ్మా. వాటి ఎత్తుకి వంగి అడగాలి," అనేవాడు. అందుకని మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి, కన్ను నీటి గీతకి సమానంగా తెచ్చి చూడటం ఆమెకి పద్దెనిమిదేళ్ల వయసులోనే వచ్చింది. ఇప్పుడు యాభై ఎనిమిది. మోకాళ్లు మొరాయిస్తున్నాయి గానీ పద్ధతి మారలేదు.

పెద్దనీళ్లని ఆ ఒడ్డున ఎవరూ సరస్సు అనరు. ఆ మాట బడిపుస్తకాల్లోది. ఉత్తరాన కొండల్లోంచి వచ్చే నది మూడు పాయలై, రెల్లుపొదల మధ్య దారి వెతుక్కుంటూ అందులో కలుస్తుంది. దక్షిణాన తూముల్లోంచి బయటికి పోతుంది. ఆ మధ్యలో ఉన్నదంతా నీళ్లే. కొలతమ్మ మెట్ల మీద నిలబడితే అవతలి ఒడ్డు కనిపించదు. ఆకాశం వచ్చి నీళ్ల మీద కూర్చున్నట్టుంటుంది. దక్షిణం రేవుకి మోటారు పడవలో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటుతుంది.

ఊరి వెనక కొండ మీద, నాలుగంతస్తుల ఎత్తున, తవ్వితే గవ్వలు దొరుకుతాయి. చిన్నప్పుడు నాన్న ఆమెని అక్కడికి తీసుకెళ్లి, ఒకప్పుడు పెద్దనీళ్లు ఇక్కడిదాకా ఉండేవని చెప్పాడు. ఆమె కింద ఊరిని, ఇంటి కప్పులని చూసి, తర్వాత తలెత్తి గాలిలోకి చూసింది, చేపలు ఎక్కడెక్కడ ఈదేవో అని. ఆ చూపు ఆమెలోంచి ఎప్పటికీ పోలేదు. ఇరవై నాలుగేళ్లుగా రోజూ చూస్తున్న నీళ్లని కూడా, తలుపు తీసిన మొదటి క్షణంలో, కొత్తగా వచ్చిన పెద్దమనిషిని చూసినట్టే చూసేది.

కలపడం అనే ఏర్పాటు కూడా నాన్నదే. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, దక్షిణాన బాబాయి కొలత చూసేవాడు. ఒక గాలి రోజున ఇద్దరి అంకెలూ వేరువేరుగా ఆఫీసుకి వెళ్లాయి. వారం తిరక్కుండా ఎర్ర సిరాతో కాగితం వచ్చింది: 'ఒకే నీటికి రెండు మట్టాలా? ఇద్దరిలో ఎవరు నిద్రపోయారో తెలియజేయగలరు.' ఇద్దరూ నిద్రపోలేదని చెప్పుకున్నారు. నమ్మలేదు. అన్నదమ్ములిద్దరికీ హెచ్చరిక పడింది. ఆ రోజు నాన్న, నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నాడట. మర్నాటి నుంచి కలపడం మొదలైంది. ఆఫీసు మళ్లీ ఎన్నడూ ఎర్ర సిరా వాడలేదు.

ఇప్పుడు ఆ ఆఫీసు నుంచే వచ్చిన ఉత్తరం ఒకటి వంటింటి గోడకి వేలాడుతోంది. దక్షిణపు ఒడ్డున పల్లపు వీధుల కోసం కొత్తగా కరకట్ట కట్టబోతున్నారు. కొలతమ్మ ఇంటి పుస్తకాల్లో పడిన అత్యధిక మట్టానికి పైన మూరెడు జాగా వదిలి కట్ట ఎత్తు నిర్ణయిస్తారు. శంకుస్థాపన రోజునే కట్ట మొదట్లో రాయి నిలబెడతారు. దాని మీద నాన్న పేరు, కింద 'నలభై ఒక్క ఏళ్లు, ఒక్కరోజూ తప్పని కొలత' అని చెక్కుతారు. ఆ రోజే ఆమె పదవీ విరమణ సన్మానం కూడా. ఇంకా పన్నెండు రోజులుంది. ఆ కట్ట వెనక వచ్చే మూడో ఇల్లు తమ్ముడిది.

ఆ ఉదయం పోట్లాటని పై మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ ఒకావిడ వింది. ముప్పై అయిదేళ్లుంటాయి. పెద్దనీళ్ల అడుగునుంచి బురద తీసి చదవడం ఆవిడ పని. మూడు వారాలుగా కొలతమ్మ మేడ మీద గదిలో అద్దెకుంటోంది. డాక్టరని బోర్డు చూసి ఊళ్లోవాళ్లు మొదట్లో దగ్గుకి మందడిగారు. తర్వాత సంగతి తెలిసి మట్టిడాక్టరని పేరు పెట్టారు.

"అమ్మా, ఇందాక ఏదో కలిపారు. ఏమిటది?" అని అడిగింది.

కొలతమ్మ దాచాల్సిందేమీ లేదనుకుని, ఇంటి చిట్కా చెప్పినట్టే చెప్పింది. ఎర్ర సిరా కాగితం కథతో సహా చెప్పింది. మట్టిడాక్టరు నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టింది.

"ఎప్పుడైనా మీది ఎక్కువా, ఆయనది తక్కువా వచ్చిందా?"

"ఎందుకు రాలేదు. కిందటి వేసవిలో దక్షిణపు గాలి వీచినప్పుడు…" కొలతమ్మ ఆ వాక్యం పూర్తి చేయలేదు. ఇవాళ వీస్తున్నది ఉత్తరపు గాలి. వెనకనుంచి వచ్చి ఆమె చీర చెంగుని నీళ్లవైపు లాగుతోంది. ఆమె చెంగు కొసని చూసింది, అది చూపిస్తున్న వైపు చూసింది.

మెట్ల కింద, మామూలుగా చీలమండ లోతు నీళ్లుండే చోట, రెల్లు వేళ్లు బయటపడి బురద మెరుస్తోంది. ఆ బురదలో పొడుగుకాళ్ల పిట్టలు వందకి పైగా ముక్కులు గుచ్చి తింటున్నాయి. ఉత్తరపు గాలి రోజుల్లో అవి వస్తాయని ఆమెకి తెలుసు. తను కొలగది తలుపు తీసేసరికే వచ్చి ఉంటాయి. ఎందుకొస్తాయో ఎప్పుడూ అడగలేదు. పిట్టలు కదా, వస్తాయి అనుకుంది.

"మీ తమ్ముడికి మళ్లీ ఫోను చేస్తారా? పావుగంటకోసారి ఇద్దరూ కొలత చూడాలి. ఇవాళంతా. కలపకుండా," అంది మట్టిడాక్టరు.

తమ్ముడు మొదట ససేమిరా అన్నాడు. జీతం ఒక్కసారి చూసినందుకే ఇస్తున్నారన్నాడు. డాక్టరు గారి బురదలో తనని ముంచొద్దన్నాడు. అక్క గొంతులో ఏదో వినిపించిందేమో, తర్వాత కుర్చీ తెచ్చుకుని తన కొలగది ముందు కూర్చున్నాడు.

తొమ్మిదింటిదాకా అంకెలు పెద్దగా కదల్లేదు. తొమ్మిదికి గాలి, ఎవరో తలుపు మూసినట్టు, ఆగిపోయింది. కొలతమ్మ మోకాళ్ల కింద గోనెసంచి మడిచి వేసుకుని గుంట పక్కనే ఉండిపోయింది. తొమ్మిదింపావుకి ఆమె గీత రెండు సెంటీమీటర్లు లేచింది. పావుగంటకి మరో నాలుగు. అక్కణ్నించి చూస్తుండగానే లేవడం మొదలైంది. ఇంతకాలం ఆమె చూసింది ఆగి ఉన్న నీటిని. రోజుకొకసారి, ఒక్క చూపు. నీళ్లు నడవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎనామిలు పలక మీద ఒక్కొక్క గీతా చప్పుడు లేకుండా మునిగిపోతూ వచ్చింది. పదీ ఇరవైకి నాలుగు వందల పదిహేను దగ్గర ఆగింది. బయట బురద లేదు. పిట్టలు లేవు. రెల్లు జానెడు లోతు నీళ్లలో నిలబడి ఉంది.

"నీదెంతరా?"

"మూడు వందల తొంభై మూడు." తమ్ముడు నెమ్మదిగా చెప్పాడు. పొద్దున తన పాదం తడిపిన మెట్టుకి కింద ఇంకో మెట్టు తేలిందన్నాడు. ఆ మెట్టుకి పట్టిన నాచు తను ఇన్నేళ్లలో చూడలేదన్నాడు. "ఇదేంటక్కా? గాలి లేదు, వాన లేదు, తూములు ఎవరూ ఎత్తలేదు. నీళ్లెక్కడికి పోయాయి?"

"నా దగ్గరికొచ్చాయి," అంది కొలతమ్మ.

పదకొండూ ముప్పావుకి వాడి వైపు వెళ్లాయి. ఒంటిగంట దాటాక మళ్లీ ఈమె వైపు వచ్చాయి. నిండు పళ్లెం పట్టుకుని నడిచి ఠక్కున ఆగితే నీళ్లు ఈ అంచుకీ ఆ అంచుకీ ఊగుతాయి కదా, అంతే అంది మట్టిడాక్టరు. గాలి పెద్దనీళ్లని తోసి దక్షిణాన ఎత్తి పట్టుకుంది. గాలి వదిలేసరికి ఊగుతున్నాయి. ఒక ఊపుకి రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. పళ్లెం చిన్నదైతే క్షణంలో అయ్యేది. ఈ పళ్లెం అరవై కిలోమీటర్లది. పోయి రావడానికి దానికి ఆ మాత్రం టైము పడుతుంది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన మొగుడు, పలక రెండు వైపులా నిండిపోయి తలుపు మీద కూడా సుద్దతో అంకెలు రాసి ఉండటం చూశాడు. సంగతి విన్నాడు. "మీ అక్కాతమ్ముళ్ల గొడవలో పాపం నీళ్లకి కూడా నిలకడ లేకుండా పోయింది," అని, ఎవరూ నవ్వకపోయేసరికి తనూ మెట్ల మీద కూర్చుని చూడసాగాడు. చాలాసేపయ్యాక, గాలి తగ్గాక రేవులో పడవలు తాళ్లని ఒక పక్కకి లాగి మళ్లీ వదలడం తనెన్నోసార్లు చూశానని, అదేదో పడవ సంగతనుకున్నానని చెప్పాడు.

కొలతమ్మకి అప్పుడు నాన్న గుర్తొచ్చాడు. గాలి రోజుల్లో పుస్తకం మూసి, మెట్ల మీద నిలబడి, దక్షిణం వైపు చూస్తూ, "ఇవాళ నీళ్లు ఆ పక్కకి ఒత్తిగిల్లాయి," అనేవాడు. నిద్రలో మనిషి ఒక పక్కకి తిరిగినట్టు. ముద్దుమాటనుకునేది ఆమె. ఆయనకి తెలుసు. వంగి అడిగాడు, నీళ్లు చెప్పాయి. చెప్పింది విని, వేరే రాశాడు.

సాయంత్రం మట్టిడాక్టరు ఆమెని పడవల షెడ్డులోకి పిలిచింది. రెండు బల్లలు కలిపి, వాటి మీద నిలువునా చీల్చిన పొడుగాటి గొట్టం పరిచి ఉంది. లోపల బురద, తడి ఆరని చారలు చారలుగా. పెద్దనీళ్ల నడుమ, అడుగున గుచ్చి తీసింది. ఏడాదికి గోరుమందం పేరుకుంటుందని చెప్పింది. పై కొసన నల్లగా జారుతున్నది ఈ ఏడాదిది. చెయ్యి కిందికి జరుపుతూ వెళ్లింది. ఈ బూడిదరంగు చార ఎప్పుడో కొండల అడవంతా కాలిపోయిన ఏడు. ఈ ఎర్రది వరద. ఇక్కడ రెల్లు పుప్పొడి ఎక్కువ, అంటే ఉత్తరాన పొదలు బాగా పెరిగిన కాలం. ఇక్కడ చేప పొలుసులు. బల్ల చివర, ఇంచుమించు తలుపు దగ్గర, బురద పగుళ్లువారి గట్టిగా ఉంది. అందులో గడ్డివేళ్లున్నాయి.

"మూడు వేల ఏళ్ల కింద ఇక్కడ నీళ్లు లేవు. ఎండిపోయింది. గడ్డి మొలిచింది. మళ్లీ నిండింది."

కొలతమ్మ ఆ గడ్డివేరుని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒకసారి కొండ మీద గవ్వలదాకా ఎగసింది, ఒకసారి ఎండి గడ్డి మొలిపించింది. ఇదంతా తను రోజూ ఆరింటికి పలకరించే ఈ నీళ్లే. తనదీ నాన్నదీ కలిపి నలభై ఒక్క ఏళ్లు ఇందులో ఎంతని అడిగింది. మట్టిడాక్టరు పై కొసన రెండు వేళ్లు ఆనించి చూపింది. ఆ రెండు వేళ్ల మందంలోనూ చారలు విడివిడిగా ఉన్నాయి, ఏ ఏడుకి ఆ ఏడు, పడింది పడినట్టు.

"మా పుస్తకాల్లో గాలి రోజులన్నీ తీసేశాం కదూ?" అంది కొలతమ్మ.

"సగటు మాత్రం నిజమేనమ్మా. ఎండలకి ఎంత తగ్గింది, వానలకి ఎంత పెరిగింది, అవన్నీ సరిగ్గా ఉన్నాయి. నాకవి చాలా పనికొస్తాయి."

"నీకు పనికొస్తాయి. కట్టకి?"

మట్టిడాక్టరు అబద్ధం చెప్పలేదు. పెద్ద గాలివాన రోజున దక్షిణాన నీళ్లు ఆ పుస్తకంలో ఉన్నదానికంటే జానెడు పైన నిలబడతాయి. ఆఫీసువాళ్లు వదిలిన మూరెడు జాగాలో సగం అక్కడే పోతుంది. మిగతా సగానికి అలలు చాలు. పాత అంకెలు విడివిడిగా ఎక్కడైనా రాసి ఉన్నాయా అని ఆశగా అడిగింది. కొలతమ్మ తల అడ్డంగా ఊపింది. పెద్దనీళ్లు రోజూ పొద్దున్నే వచ్చి ఆ పలక మీద చెప్పుకున్నాయి. రోజూ తడిగుడ్డతో తుడిచింది తనే.

ఆ రాత్రి భోజనం దగ్గర మొగుడు ఒక్క మాటే అన్నాడు. చెప్తే మామగారి రాయి ఉండదు, చెప్పకపోతే బావమరిది ఇల్లు ఉండదు, రెండింటికీ కలిపి సగం చేయడానికి ఇదేం అంకె కాదు అన్నాడు. తర్వాత కంచం తీసుకుని లేచాడు.

మర్నాడు ఆరింటికి చల్లటి చిరుగాలి తప్ప ఏమీ లేదు. నీళ్లు ఒక్క ముడత కూడా లేకుండా, నిన్నటి సంగతి తమకేమీ తెలియదన్నట్టున్నాయి. కొలతమ్మ తలుపు తీసి, అలవాటు ప్రకారం గుమ్మంలో ఒక క్షణం నిలబడింది. ఆ క్షణం ఇవాళ ఎక్కువసేపు సాగింది. అంతా కలిపి ఒకే ప్రాణిలా కనిపించింది ఆమెకి, ఇక్కణ్నించి కనపడని తమ్ముడి మెట్లదాకా. ఊపిరి పీల్చి వదులుతోంది, మనిషి గమనించలేనంత నెమ్మదిగా. దాని పక్కటెముక మీద చెవి ఆనించినట్టు మోకాళ్ల మీద కూర్చుంది.

నాలుగు వందల రెండు. తమ్ముడిది నాలుగు వందల అయిదు.

"మూడే తేడా," అన్నాడు వాడు. రాత్రంతా నిద్ర పట్టలేదన్నాడు. నిన్న నీళ్లు పోయి వస్తుంటే నాన్న మాట గుర్తొచ్చిందన్నాడు, ఒత్తిగిల్లడం. వాడికీ గుర్తుందని ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. ఆపైన గొంతు తగ్గించాడు.

"అక్కా, నీకైతే పదకొండు రోజుల్లో అయిపోతుంది. నాకింకా ఎనిమిదేళ్ల సర్వీసుంది. నాన్న పేరు రాయి మీద చెక్కేశారట, నిన్న మేస్త్రీ చెప్పాడు. మనం దొంగలెక్క రాశామంటారు. బాబాయితో కలిపి నలుగురినీ అంటారు. ఇవాళ్టి నుంచి కలపొద్దు, సరే. ముందుదంతా ఎందుకు తవ్వడం?"

"నీ గుమ్మం ఎత్తెంతరా?"

కట్టేటప్పుడు వాడే కొలిచిన గుమ్మం, పెద్దనీళ్లకి ఎంత దగ్గరో వాడికి తెలుసు.

కొలతమ్మ సుద్దముక్క తీసుకుని పలక మీద రెండు అంకెలూ పక్కపక్కనే రాసింది. పుస్తకం తెరిచి, ఒక్క అంకె పట్టే గడిలోనే రెండూ ఎక్కించింది. తడిగుడ్డ బకెట్లోనే ఉంది.

"నాది నాలుగు వందల రెండు, నీది నాలుగు వందల అయిదు. రెండూ రెండుగానే వెళ్తాయి. పాత పుస్తకాల్లో గాలి రోజులు నమ్మి కట్ట ఎత్తు పెట్టొద్దని ఆఫీసుకి ఉత్తరం రాశాను. ఎలా కలిపామో, ఎందుకు కలిపామో అంతా రాశాను. నాన్న పేరు, బాబాయి పేరు, నా పేరు, నీ పేరు, నాలుగూ ఉన్నాయి. తొమ్మిదింటి బస్సెక్కి నేనే పట్టుకెళ్లి ఇస్తున్నాను."